పట్టుచీరల యాడ్ ఎడిట్ చేస్తున్నా, ప్రీమియర్ (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) కదలట్లేదు.. వర్క్‌ఫ్లో చెప్పండి అన్నలూ

బెజవాడ_కట్స్:
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ పెళ్లి వీడియోలే చేశా, ఇప్పుడు మొదటిసారి ఒక పట్టుచీరల షాపు యాడ్ వచ్చింది, 30 సెకన్లు, శ్రావణమాసం లోపు ఇచ్చేయాలి. సోనీ కెమెరాలో ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ (హెచ్265 ఫైళ్లు), 4కే 50 ఫ్రేమ్స్, 10 బిట్ 4:2:2 (రంగు వివరం ఎక్కువ), ఎస్‌లాగ్3లో (తర్వాత కలర్ చేసుకోవడానికి పాలిపోయినట్టు తీసే మోడ్) తీశాం. ల్యాప్‌టాప్ రైజెన్, ఆర్‌టీఎక్స్ 3060, అయినా ప్లే కొడితే సౌండ్ పోతూనే ఉంటుంది, బొమ్మ మాత్రం బిగుసుకుపోతోంది. పైగా ఓనర్ గారు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు, "ఆ చీర తిప్పే చోట కొంచెం మార్చు బాబూ" అని. చీర తిప్పే షాట్లే ఏడెనిమిది ఉన్నాయి, ఏదని మార్చను? టీవీకి, రీల్స్‌కి అన్నారు, నిన్నటి నుంచి థియేటర్లో కూడా వేద్దామంటున్నారు.

టైమ్‌లైన్_మామ:
తమ్ముడూ, కార్డు మంచిదే గానీ ఆ 4:2:2 హెచ్265ని 3060 డీకోడ్ చేయలేదు, అంటే ఫైల్‌ని విప్పి ఆడించలేదు, ఎన్విడియాలో 50 సిరీస్ నుంచే అది వచ్చింది. ర్యామ్ కొనమని ఎవడైనా చెప్తే కొనకు, ప్రాక్సీలు చేసుకో, అంటే ఎడిటింగ్‌కి వాడే తేలికపాటి కాపీలు. ఫుటేజ్ అంతా సెలెక్ట్ చేసి క్రియేట్ ప్రాక్సీస్, ప్రోరెస్ ప్రాక్సీ 1280x720, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి అయిపోతాయి. బయట సాఫ్ట్‌వేర్‌లో చేస్తే మాత్రం ఆడియో ఛానెల్స్ ఒరిజినల్‌లో ఎన్ని ఉన్నాయో ప్రాక్సీలో కూడా అన్నే ఉండాలి, లేకపోతే అటాచ్ అవ్వదు, ఇక్కడే చాలామంది తల పట్టుకుంటారు.
టైమ్‌లైన్ 25 ఫ్రేమ్స్ పెట్టు. 50లో తీశారు కాబట్టి చీర తిప్పే షాట్లు సగం స్పీడ్‌కి తెచ్చినా జర్క్ రాదు.
ఇక ఓనర్ గారి సంగతి. డ్రాఫ్ట్ మీద పైన మూలకి టైమ్‌కోడ్ (ఏ సెకను, ఏ ఫ్రేమో చూపే అంకె) పెద్దగా వేసి పంపు, "అంకె చూసి చెప్పండి సార్" అను. వాట్సాప్‌లో వీడియోలా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపు. రెండుసార్లు కరెక్షన్స్ ఫ్రీ, మూడోదానికి డబ్బులు అని ముందే మెసేజ్‌లో రాసి పెట్టుకో. కట్ ఓకే అనేదాకా కలర్ జోలికి, గ్రాఫిక్స్ జోలికి పోకు.

రాణీపింక్:
కలర్ గురించి నేను చెప్తా ఎందుకంటే చీరల యాడ్‌లో గొడవంతా అక్కడే. ముందు ఎస్‌లాగ్3ని రెక్709కి (టీవీలో మామూలుగా కనిపించే రంగులకి) కన్వర్ట్ చెయ్, ఆ తర్వాతే లుక్. సినిమా లుక్ అని టీల్ ఆరెంజ్ (నీడలు నీలిపచ్చ, చర్మం నారింజ) వేశావనుకో, జరీ ఇత్తడిలా కనపడుతుంది, ఆకుపచ్చ చీర నీలం అయి కూర్చుంటుంది, షాపుకొచ్చిన ఆవిడ "టీవీలో వేసిన చీర ఇది కాదుగా" అంటుంది. రాణీ రంగు, ఎరుపు తొందరగా క్లిప్ అవుతాయి, కుచ్చిళ్ల మడతలు పోయి ముద్దలా కనిపిస్తే శాచురేషన్ తగ్గించాల్సిందే. కుదిరితే అసలు చీర తెప్పించుకుని పగటి వెలుగులో పక్కన పెట్టి చూడండి.
ఇంకోటి, "శ్రావణ" అని టైప్ చేస్తే ఒత్తు ఊడి పక్కకి పోతుంటే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్‌కి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్ సౌత్ ఏషియన్ పెట్టండి. ఫాంట్‌కి రామభద్ర, మండలి చూడండి, కమర్షియల్‌గా వాడుకున్నా ఫ్రీనే.

డీసీపీ_బాబాయ్:
థియేటర్ అన్నారు కాబట్టి ఆగండి! అక్కడ మామూలుగా అడిగేది 24 ఫ్రేమ్స్ డీసీపీ (థియేటర్ ప్రొజెక్టర్‌కి ఇచ్చే ఫైళ్ల ప్యాకేజీ). నీ 25 ఫ్రేమ్స్ యాడ్ అంటే 750 ఫ్రేములు, వాటిని అలాగే 24లో నడిపితే 31.25 సెకన్లు అవుతుంది, కొన్న స్లాటేమో 30. అందుకని 720 ఫ్రేములకి వేరే కట్ చేసుకో, ఎండ్‌లో షాపు అడ్రస్ కార్డు కాస్త తగ్గించు, సరిపోద్ది. థియేటర్లో వేసే యాడ్‌కి సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, దానికి టైమ్ పడుతుంది, ఓనర్‌కి ఈరోజే చెప్పు. శ్రావణం దాటాక పర్మిషన్ వస్తే నిన్నే తిడతాడు.
సౌండ్ కూడా అన్నిటికీ ఒకటే మిక్స్ కుదరదు. యూట్యూబ్ -14 లఫ్స్ (సౌండ్ ఎంత బిగ్గరగా ఉందో కొలిచే లెక్క) దగ్గర సర్దుతుంది, టీవీకి -23 అడిగేవాళ్లు ఉంటారు, ఛానెల్ వాళ్ల స్పెక్ షీట్ అడిగి తీసుకో. సినిమా పాట వేద్దాం అంటే ఒప్పుకోవద్దు, హక్కులు కొన్నారా అని అడుగు.

బెజవాడ_కట్స్:
థాంక్స్ అన్నలూ. ప్రాక్సీలు పెట్టేశా, తిరుగుతున్నాయ్. సెన్సార్ మాట చెప్పగానే ఓనర్ గారు "అయితే థియేటర్ దసరాకి చూద్దాంలే" అన్నారు. రీల్స్‌కి 9:16లో (నిలువుగా) మళ్లీ ఫ్రేమ్ చేయాలా, ఆటో రీఫ్రేమ్ (సాఫ్ట్‌వేర్ తనే ఫ్రేమ్ జరిపేది) సరిపోద్దా?

రాణీపింక్:
ఆటో రీఫ్రేమ్ మొహం వెంట పోతుంది, చీర అంచు తెగిపోతుంది. షాట్ షాట్‌కి చేత్తో జరపండి. ఆఫర్ టెక్స్ట్ మరీ కిందకి పెట్టకండి, క్యాప్షన్ కింద పడి కనపడదు.