మ్యాథ్స్ ఎమ్మెస్ అయిపోతోంది, డేటా సైన్స్‌కి ఎలా మారాలి?

అందరికీ నమస్కారం. ఒహాయోలో ప్యూర్ మ్యాథ్స్ ఎమ్మెస్ చేస్తున్నాను, మే నెలతో అయిపోతుంది. థీసిస్ టోపాలజీలో. పీహెచ్‌డీకి ఓపిక లేదు. డేటా సైన్స్ ఉద్యోగాలకి అప్లై చేస్తుంటే ఒక్క కాల్ కూడా రావట్లేదు, టెన్షన్‌గా ఉంది. పైథాన్ కొద్దిగా వచ్చు. ఇంకో ఎమ్మెస్ చెయ్యమంటారా?

పిట్స్‌బర్గ్ నుంచి:
ఇంకో ఎమ్మెస్ వద్దు తమ్ముడూ. నేనూ ఆల్జీబ్రా చదివి ఇటు వచ్చినదాన్నే. మొదట్లో మెషిన్ లెర్నింగ్ పుస్తకాలు ముందుమాట నుంచి చదువుతూ నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. నిరూపణ చూడందే మనం పేజీ తిప్పం కదా! తీరా ఇంటర్వ్యూలో ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి సమాచారం అడిగే భాష) లెఫ్ట్ జాయిన్ అడిగారు, అంటే కస్టమర్లందరినీ ఉంచుతూ ఆ టేబుల్‌కి ఆర్డర్ల టేబుల్ కలపడం. రాశాను కానీ, రెండో టేబుల్ మీది షరతుని తీసుకెళ్ళి వేర్‌లో, అంటే కలిపాక వడకట్టే చోట, పెట్టాను. ఆర్డర్లు లేని కస్టమర్లంతా మాయం. ఆ షరతు ఆన్‌లో, అంటే టేబుళ్ళు కలిపే చోటే, ఉండాలని ఆ రోజే తెలిసింది.

ఉద్యోగంలో చేరాక ఇంకో ముచ్చట. ఏ కస్టమర్లు మానేస్తారో ముందే చెప్పే మోడల్ చేశాను. 98 శాతం కరెక్ట్! మా మేనేజర్ డేటా చూసి ‘ఖాతా మూసిన కారణం’ అనే కాలమ్ మీద వేలు పెట్టింది. మానేసినవాళ్ళకే అది నిండుతుంది మరి. జవాబులు దగ్గర పెట్టుకుని పరీక్ష రాసినట్టు. దీన్నే లీకేజీ అంటారు. నీ మ్యాథ్స్ దీన్ని పట్టివ్వదు. ఏ కాలమ్ ఎప్పుడు, ఎవరు నింపుతారో అడిగి తెలుసుకోవాలి.

స్ప్రింగ్ సెమిస్టర్ ఇప్పుడే మొదలైంది కాబట్టి స్టాటిస్టిక్స్ వాళ్ళ రిగ్రెషన్ (ఒక సంఖ్యని మిగతావాటి నుంచి అంచనా వేసే పద్ధతి) కోర్సు తీసుకో. ప్రాజెక్టుకి టైటానిక్ డేటా (ఆ ఓడలో ఎవరు బతికారో చెప్పేది, కొత్తవాళ్ళంతా వాడేది) వద్దు, రెజ్యూమెలు చూసేవాళ్ళకి మొహం మొత్తింది. మీ ఊరి బస్సుల డేటా లాంటిది పట్టుకో, ఎంత గజిబిజిగా ఉంటే అంత మంచిది. థీసిస్‌కి రెజ్యూమెలో ఒక్క లైను చాలు.

డాలస్ నుంచి:
అక్క చెప్పనిది నేను చెప్తా. ఓపీటీకి (చదువయ్యాక ఇక్కడ పనిచెయ్యడానికి స్టూడెంట్ వీసావాళ్ళకి ఇచ్చే అనుమతి) చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు. మొదలుపెట్టే తేదీని చదువు ముగిశాక 60 రోజుల్లోపు ఎక్కడైనా ఎంచుకోవచ్చు. ఆ తేదీ నుంచి ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు. కాల్సే రానప్పుడు తేదీ మరీ తొందరగా పెట్టుకుని ఏం లాభం? మ్యాథ్స్ కూడా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కిందకే వస్తుంది కాబట్టి 12 నెలల తర్వాత ఇంకో 24 నెలలు దొరుకుతాయి, కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉంటేనే. పనికీ చదువుకీ సంబంధం ఏమిటో రాసివ్వాలి, ముందే సిద్ధం చేసుకో. ఒకసారి మీ డీఎస్‌వోని (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా పనులు చూసే అధికారి) కూడా అడుగు.

బఫెలో నుంచి:
పేరున్న స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావుగారు కూడా ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎమ్మే చేసి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు. అది రాలేదు. 1941లో అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. అయితే ఆయనకి ఈ 90 రోజుల గోల లేదనుకో.

ఒహాయో నుంచి:
థాంక్స్ అక్కా, అన్నా. రిగ్రెషన్‌లో సీటు దొరికింది, పొద్దున ఎనిమిదింటికి క్లాసు. బస్సుల డేటా కూడా దింపాను. ఒక ట్రిప్పుకి ప్రయాణ సమయం మైనస్ 35 నిమిషాలని ఉంది. ఆ లైను తీసెయ్యనా?

పిట్స్‌బర్గ్ నుంచి:
ఆగు, తీసెయ్యకు. తేదీ చూడు. నవంబర్ మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక బయల్దేరిందా? ఆ రోజు రెండింటికి గడియారం గంట వెనక్కి తిప్పుతారు.