2022లో ఎక్కువ నిరాశపరిచిన తెలుగు సినిమా ఏది? నా ఓటు ఆచార్యకి, కాదనేవాళ్లు కారణం చెప్పండి

రెండో ఆట:
ఫ్లాపుల జాబితా వేయడానికి పెట్టిన చర్చ కాదు ఇది. ఫ్లాపు వేరు, నిరాశ వేరు. ఆశ లేకుండా వెళ్లిన సినిమా బాగోకపోతే టికెట్ డబ్బులు పోయాయనుకుని మర్చిపోతాం. ఒక దర్శకుడికి ఏది బాగా చేతనవునో మనకు తెలిసి, సరిగ్గా అక్కడే ఆయన తడబడితే అది నిరాశ. ఈ కొలత పెట్టి చూస్తే ఏప్రిల్ 29న వచ్చిన ఆచార్యకి పోటీ లేదు.

కొరటాల శివ అంతకుముందు తీసినవి నాలుగు: మిర్చి (2013), శ్రీమంతుడు (2015), జనతా గ్యారేజ్ (2016), భరత్ అనే నేను (2018). నాలుగూ ఆడాయి. ఆయనకు బాగా పట్టుబడిన పద్ధతి ఒకటుంది. హీరో ఒక చోటికి వస్తాడు, ఎందుకొచ్చాడో దాస్తాడు, ఆ దాచింది బయటపడేచోట సినిమా లేస్తుంది. మిర్చిలో శత్రువు ఇంట్లోనే చేరతాడు. శ్రీమంతుడులో అది తన తండ్రి ఊరని చెప్పకుండా దేవరకోటలో పని మొదలుపెడతాడు. ఆచార్యలోనూ అదే అమరిక. ధర్మస్థలి అనే గుడి ఊరికి ఎవరో కొత్త మనిషి (చిరంజీవి వేసిన ఆచార్య) వస్తాడు, పాదఘట్టం జనాన్ని పీడిస్తున్న విలన్ బసవ మనుషుల్ని కొడతాడు. తేడా ఎక్కడంటే, ఇక్కడ దాచడానికి ఏమీ మిగల్లేదు. సిద్ధ (రామ్ చరణ్ పాత్ర) లేడు కాబట్టే ఆచార్య వచ్చాడని మనకు ముందే తెలిసిపోతుంది. ఆ తర్వాత సిద్ధ కథంతా ఫ్లాష్‌బ్యాక్‌లో చెబుతుంటే, ముగింపు తెలిసిన కథకి వివరణ విన్నట్టుంటుంది. చిరంజీవి, రామ్ చరణ్ ఇద్దరూ పూర్తి నిడివి పాత్రల్లో కలిసిన సినిమాలో ప్రేక్షకుడికి ఒక్క ప్రశ్న కూడా మిగలకపోవడం నాకు చాలా బాధ అనిపించింది.

నైజాం లెక్క:
కథ సంగతి మీరు చెప్పారు, వ్యాపారం సంగతి నేను చెబుతాను. నా ఓటు రాధేశ్యామ్‌కి, మార్చి 11.

ఆ సినిమాకి ఉన్న అనుకూలాలు చూడండి. జనవరి 14 నుంచి వాయిదా పడి వచ్చింది కాబట్టి ఎదురుచూపు ఉంది. సాహో (2019) తర్వాత ప్రభాస్ సినిమా. ఆంధ్రప్రదేశ్‌లో టికెట్ ధరల కొత్త జీఓ మార్చి 7న వచ్చింది, కనిష్ఠం 20, గరిష్ఠం 250. అంటే ఏడాదిగా బిగుసుకుపోయిన ధరలు సరిగ్గా నాలుగు రోజుల ముందు సడలాయి. ఆర్‌ఆర్‌ఆర్ వచ్చేది మార్చి 25న. మధ్యలో రెండు వారాలు వేరే పెద్ద తెలుగు సినిమా లేదు. ఇంతకన్నా మంచి తేదీ పెద్ద సినిమాకి దొరకదు. ఆచార్యకి ఆ సుఖం లేదు, పదిహేను రోజుల ముందే, ఏప్రిల్ 14న, కేజీఎఫ్ రెండో భాగం వచ్చేసింది.

గ్రాస్ అంకె చూసి హిట్టనుకునేవాళ్ల కోసం ఒక చిన్న లెక్క. 2022లో తెలంగాణ మల్టీప్లెక్స్‌లో గరిష్ఠ ధర టికెట్ 250, దానిమీద 18 శాతం జీఎస్టీ 45, ప్రేక్షకుడు కట్టేది 295. పోస్టర్ మీద పడే గ్రాస్ ఈ 295 లెక్కన. పన్ను పోగా మిగిలిన 250ని మొదటి వారం హాలువాళ్లు, బయ్యర్ (సినిమా హక్కులు కొన్న పంపిణీదారు) సగం సగం పంచుకున్నారనుకోండి, బయ్యర్ చేతికొచ్చేది 125. రెండో వారం నుంచి ఆ వాటా ఇంకా తగ్గుతుంది. అంటే పెద్ద సినిమా కొన్న బయ్యర్ మొదటి వారంలోనే లాగేయాలి. ఎన్‌ఆర్‌ఏ (తిరిగి ఇవ్వనక్కర్లేని అడ్వాన్స్) మీద కొంటే పోయిన డబ్బు పోయినట్టే, తిరిగి అడగడానికి ఉండదు. మామూలు అడ్వాన్స్ మీద వేస్తే తక్కువ పడిన మొత్తాన్ని నిర్మాత వెనక్కివ్వాలి, లేదా తర్వాతి సినిమాలో సర్దాలి. సోమవారం ఉదయం ఆటకి హాల్లో ఎంతమంది ఉన్నారన్నదే ఆ బయ్యర్ బతుకు.

రెండో ఆట:
నైజాం లెక్క అన్నా, అనుకూలాలు ఎక్కువున్నా ఆడలేదు అనేది బయ్యర్‌కి దెబ్బ. ప్రేక్షకుడి నిరాశకి అది కొలత ఎలా అవుతుంది? రాధేశ్యామ్ దర్శకుడు రాధాకృష్ణ కుమార్‌కి అది రెండో సినిమా, జిల్ (2015) మొదటిది. ప్రేమకథని ఆయన అద్భుతంగా తీస్తాడని మనకెవరూ మాటివ్వలేదు.

పల్లవి చరణం:
ప్రభాస్‌తో పూర్తి ప్రేమకథ అన్నదే ఒక మాట కదండీ. నేనూ రాధేశ్యామ్ వైపే, కానీ కారణం వేరు.

ఆ సినిమా ప్రాణం ఒక మంచి వైరుధ్యం. విక్రమాదిత్య హస్తసాముద్రికుడు, తన చేతిలో ప్రేమ గీత లేదని నమ్మినవాడు. ప్రేరణ డాక్టర్, ఎక్కువ కాలం బతకనని తెలిసినది. ఆమె చెయ్యి చూసి నిండు నూరేళ్లు అంటాడతను. ఆమెకి తెలిసిన వైద్యం ఒకటి చెబుతోంది, అతనికి తెలిసిన గీత ఇంకొకటి చెబుతోంది. ఈ ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి వాదించుకోనిస్తే చాలు, సినిమా నడుస్తుంది. ఆ వాదన జరగాల్సిన చోటల్లా ఇటలీ వీధులు, రైలు, మంచు వచ్చాయి. మనోజ్ పరమహంస కెమెరా పనితనం గొప్పదే, ఒక్కో ఫ్రేము గోడకి తగిలించుకోవచ్చు. అయితే జంట మధ్య మాట పెరగకుండా ప్రేమ ఎలా పెరుగుతుంది? చివర్లో ఓడని తుఫానులో పెట్టారు. విధి గెలుస్తుందా మనిషి గెలుస్తాడా అన్న ప్రశ్నకి జవాబు ఆ ఇద్దరి నిర్ణయంలోంచి రావాలి. అలల్లో ఈదడంలోంచి వస్తే అది గ్రాఫిక్స్ జవాబు.

సంగీతం విషయం ఎవరూ మాట్లాడరు. దక్షిణాది భాషల పాటలు జస్టిన్ ప్రభాకరన్‌వి, నేపథ్య సంగీతం తమన్‌ది. హిందీకి పాటలు వేరేవాళ్లు, నేపథ్య సంగీతం ఇంకొకరు. ప్రేమకథలో పాట బాణీయే తర్వాత సన్నివేశాల వెనక సన్నగా తిరిగి వినపడాలి. ఇంటర్వెల్లో ఒకసారి, విడిపోయినప్పుడు నెమ్మదిగా ఒకసారి. పాట చేసిన చెయ్యి, నేపథ్యం చేసిన చెయ్యి వేరైతే ఆ అల్లిక కుదరడం కష్టం. ‘నగుమోము తారలే’ ఎంత మంచి పాట! హాలు బయటికి వచ్చాక విడిగా వింటేనే అది ఎక్కువ పట్టుకుంటుంది.

గోదాలో:
ముగ్గురూ లైగర్‌ని ఎలా వదిలేశారు? రెండో ఆట గారి కొలతే తీసుకుందాం: చేతనైన పనిలో తడబడటం. అలాగైతే ఆగస్టు 25న వచ్చిన లైగరే మొదటి వరుస.

పూరి జగన్నాథ్‌కి ఉన్న అతి పెద్ద ఆయుధం హీరో నోరు. ఇడియట్ (2002), పోకిరి (2006), ఇస్మార్ట్ శంకర్ (2019), ఏది తీసుకున్నా హీరో ఎదుటివాడికన్నా ముందు మాట విసురుతాడు, ఆ వేగానికి హాలు ఊగుతుంది. లైగర్‌లో హీరోకి నత్తి పెట్టారు. పెట్టడం తప్పు కాదు, మంచి ఆలోచన. మాట రాని చోట చెయ్యి మాట్లాడుతుందనే దారిలో వెళ్తే కొత్త పూరి కనపడేవాడు. అలా వెళ్లలేదు. సన్నివేశాలు మాత్రం పాత పద్ధతిలోనే, మాటల మీద నడిచేలా రాసుకున్నారు. దాంతో ప్రతి డైలాగూ మధ్యలో తెగుతుంది, పంచ్ పడాల్సిన అక్షరం దగ్గర ఆగుతుంది. పైగా తెలుగు, హిందీ రెండింటికీ తీసిన సినిమా, చుట్టూ ఉన్న నటుల్లో చాలామంది హిందీవాళ్లు. డబ్బింగ్‌లో పెదవి కలవాలంటే మాటని సాగదీయాలి లేదా కుదించాలి. పూరి మాట ఆ కొలతకి లొంగదు.

రెండో లోపం, సినిమాలో చూపించిన ఆట. ఎంఎంఏలో (బాక్సింగ్, కుస్తీ లాంటివి కలిసిన పోరు) సాధారణ పోటీ మూడు రౌండ్లు, ఒక్కోటి 5 నిమిషాలు. టైటిల్ పోటీ అయితే ఐదు. నాకౌట్, సబ్మిషన్ (ఎదుటివాడు ఓటమి ఒప్పుకోవడం), జడ్జీల తీర్పు, ఇవీ గెలిచే దారులు. స్పోర్ట్స్ సినిమాలో ఈ మాత్రం ప్రేక్షకుడికి మొదటి అరగంటలో చెప్పాలి. ఎదుటివాడు కింద పడేసి బిగించేవాడా, దూరంనుంచి కాళ్లతో కొట్టేవాడా తెలిస్తేనే మనవాడికి ఎక్కడ ప్రమాదమో అర్థమై గుండె కొట్టుకుంటుంది. ఇందులో ప్రత్యర్థి పద్ధతి తెలీదు, హీరో లోపం తెలీదు, కాబట్టి గెలుపు ముందే ఖాయమైనట్టుంది. చివరికి మైక్ టైసన్‌ని తెచ్చి రింగు బయట కొట్లాట పెట్టారు.

ఇదే పూరి 2003లో అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి తీశాడు. అక్కడా తల్లీకొడుకులే, అక్కడా కిక్‌బాక్సింగే. కానీ రింగులో దెబ్బ పడితే అది వదిలేసి వెళ్లిన తండ్రికీ కొడుక్కీ మధ్య ఉన్న గాయం మీద పడేది. తన కథని తనే అంత బాగా చెప్పినవాడు పందొమ్మిదేళ్ల తర్వాత అందులోంచి తండ్రిని తీసేసి, ఆ ఖాళీలో ఏమీ పెట్టలేదు. నా నిరాశ అక్కడ.

నైజాం లెక్క:
ఈ వాదన బాగుంది, నా దగ్గర జవాబు లేదు. లైగర్ గురించి ఒకటి కలుపుతాను. ‘జనం హాళ్లకి రావడం మానేశారు’ అన్న మాట ఆ రోజుల్లో బాగా వినపడింది. టికెట్ ధరలు, ఓటీటీ గడువు, ఖర్చుల మీద మాట్లాడుకోవడానికి ఆగస్టు 1 నుంచి నిర్మాతలు షూటింగులే ఆపారు. అదే నెల 5న బింబిసార, సీతారామం, 13న కార్తికేయ 2 వచ్చి మూడూ ఆడాయి. కాబట్టి 25న వచ్చినదానికి జనం రాలేదన్న సాకు చెల్లదు.

ఓటీటీ గడువు కూడా చూడండి. రాధేశ్యామ్ మార్చి 11న హాల్లో, ఏప్రిల్ 1న ప్రైమ్‌లో, 21 రోజులు. ఆచార్య ఏప్రిల్ 29, మే 20, మళ్లీ 21. అదే మే 20న ఆర్‌ఆర్‌ఆర్ కూడా ఓటీటీకి వచ్చింది, కానీ 56 రోజులు హాల్లో ఉండి. మూడు వారాలకే ఇంట్లో దొరుకుతుందని తెలిస్తే, టాక్ బాగోని సినిమాకి రెండో వారం ఎవరు కదులుతారు?

కత్తెర:
పెద్ద సినిమాలు వదిలి ఒక్క నిమిషం అంటే సుందరానికీ చూడండి, జూన్ 10. వివేక్ ఆత్రేయ రాత, నాని, నజ్రియా, ఇంతమంది సరిగ్గా పనిచేసిన సినిమా ఆ ఏడాది ఇంకోటి వెతకాలి. నిడివి 176 నిమిషాలు. మొదటి సగంలో చిన్నప్పటి కథ, ఆఫీసు కథ, అబద్ధం కథ ముందుకీ వెనక్కీ వెళ్తుంటాయి. అసలు అబద్ధం ఏమిటో తెలిసేసరికి ఇంటర్వెల్ దగ్గరపడుతుంది. ఓ ఇరవై నిమిషాలు తీసి, అబద్ధాన్ని ముందుకి లాగి ఉంటే పెద్ద హిట్టయ్యేది. చెడ్డ సినిమా ఆడకపోవడం కన్నా ఇది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

రెండో ఆట:
కత్తెర గారూ, అది నిరాశ కాదు, జాలి. మంచి సినిమా అని మీరే అంటున్నారు. ఆచార్యని మీ ఎడిటింగ్ బల్ల మీద పెడితే ఏం చేస్తారో చెప్పండి.

కత్తెర:
మొదట సిద్ధని ముందుకి తేవాలి. ఇప్పుడతను ఇంటర్వెల్ దగ్గర పూర్తిగా కథలోకి వస్తున్నాడు. మొదటి పావుగంటలోనే ధర్మస్థలిలో అతన్ని చూపించి, అక్కడే ఆపేయాలి. అతను బతికున్నాడో లేదో చెప్పకూడదు. తర్వాత ఆచార్య వస్తాడు. అప్పుడు ‘సిద్ధ ఏమయ్యాడు’ అన్న ప్రశ్నే మొదటి సగాన్ని మోస్తుంది. రెండోది, 20 ఎకరాల్లో వేసిన గుడి ఊరు సెట్టు. అంత పెద్ద సెట్టు ఉంటే ప్రతి సీనుకీ ముందు వెడల్పు షాట్ పెట్టాలనిపిస్తుంది. వాటిలో సగం తీసేస్తే ఊరు సెట్టులా కాక ఊరులా కనపడుతుంది. ‘సానా కష్టం’ పాట పూర్తిగా పోవాలి, కథ అక్కడ ఆగిపోతోంది. కాజల్ పాత్రని విడుదలకి ముందు ఎలాగూ తీసేశారు. నక్సలైట్ అయిన ఆచార్యకి ప్రేమకథ అతకదన్న దర్శకుడి కారణం సరైనదే. అదే కారణం ఈ పాటకీ వర్తిస్తుంది.

పల్లవి చరణం:
కొరటాల మొదటి నాలుగు సినిమాలకీ సంగీతం దేవిశ్రీ ప్రసాద్, దీనికి మణిశర్మ. ‘లాహే లాహే’ పాట మీద నాకు ఫిర్యాదు లేదు. సిద్ధని మీరు చెప్పినట్టు ముందుకి తెస్తే, అతనికంటూ ఒక బాణీ కూడా ముందే వేసి ఉంచాలి. ఆచార్య నడిచొచ్చే సీన్లలో అది వెనక వినపడితే, మనిషి లేకపోయినా అతను ఉన్నట్టుంటుంది.

గోదాలో:
కత్తెర గారూ, ఒక చిక్కుంది. సిద్ధని మొదటి పావుగంటలో చూపిస్తే, అతని తల్లిదండ్రులు ఎవరన్న సంగతి అతనికి తెలిసే సీను ఎక్కడ పెడతారు? అది ముందు వస్తే ఆచార్య ఎవరో తెలిసిపోతుంది, వెనక్కి పోతే అతను ధర్మస్థలి వదిలి అడవికి ఎందుకు వెళ్లాడో అర్థం కాదు.

కత్తెర:
వెనకే. అతను గుడి మెట్లు దిగి వెళ్లిపోవడం ముందు చూపిస్తాను, ఎందుకన్నది ఇంటర్వెల్ తర్వాత.