కోవిడ్ తగ్గేదాకా నోటి క్యాన్సర్ ఆపరేషన్ ఆపొచ్చా?

వానచినుకు: అమ్మకి నాలుక పక్కన మానని పుండు. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. కేసులు తగ్గాక, ఓ రెండు నెలలాగి చేయిద్దామంటున్నారు ఇంట్లో. ఆస్పత్రిలో కోవిడ్ అంటుకుంటే ఎలా అని నాకూ టెన్షనే. మీరేమంటారు?

రాత్రిడ్యూటీ: ఆగొద్దండీ. థైరాయిడ్‌లో నెమ్మదిగా పెరిగే పాపిల్లరీ రకం క్యాన్సరైతే చాలాసార్లు నెలల తరబడి ఆగొచ్చు. నాలుకది అలా కాదు, మెడలోని లింఫ్ గ్రంథులకి పాకుతుంది. 2020లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం సర్జరీ నాలుగు వారాలు ఆలస్యమైన ప్రతిసారీ మరణ ముప్పు 6 నుంచి 8 శాతం పెరుగుతుంది. తల, మెడ క్యాన్సర్లు కూడా అందులో ఉన్నాయి.

మూడోగంట: చెప్పడం తేలికే. లోపల చూడ్డానికి ముక్కులో స్కోపు (కెమెరా గొట్టం) పెట్టగానే పేషెంటు దగ్గితే తుంపర్లు ఎవరి మొహాన పడతాయి? వైరస్ ఉండేదే ముక్కులో, గొంతులో. డాక్టర్లు మంచాన పడితే మిగతా వాళ్లని ఎవరు చూస్తారు?

రాత్రిడ్యూటీ: భయం నిజమే. అందుకే కదా ముందు టెస్టు, పీపీఈ. ఊపిరి కోసం గొంతుకి గొట్టం వేసేటప్పుడు శ్వాసనాళం తెరిచే ఆ కాసేపు వెంటిలేటర్ ఆపుతాం, గాలి మొహాన కొట్టకుండా. ఐసీయూ మంచాలు లేకపోతే మాత్రం నా దగ్గరా జవాబు లేదు.

పాతరేడియో: బదులుగా రేడియేషన్ పెట్టొచ్చుగా అనేవాళ్లకి ఒక మాట. నాన్నకి స్వరపేటికలో వస్తే 35 సిటింగులు, ఏడు వారాలు. అంటే ఆస్పత్రి గడప 35 సార్లు తొక్కాలి! సొంత మాస్కు తీసేసి, తల కదలకుండా జాలీ మాస్కు మొహానికి బిగించి బల్లకి లాక్ చేస్తారు. మధ్యలో పాజిటివ్ వచ్చి పది రోజులు ఆగింది. ఆ లోటు పూడ్చడానికి తర్వాత కొన్నాళ్లు రోజుకి రెండు సిటింగులు, మధ్యలో ఆరు గంటల గ్యాప్. నోటి క్యాన్సర్‌కైతే మొదట ఆపరేషనే అన్నారు మా డాక్టర్.

వానచినుకు: మంగళవారానికి డేట్ తీసుకున్నాం. ముందురోజు టెస్టులో పాజిటివ్ వస్తే?

మూడోగంట: ఆగాల్సిందే. 2021లో కోవిడ్ రోగుల ఆపరేషన్ల మీద వచ్చిన కోవిడ్‌సర్జ్ అధ్యయనం, పాజిటివ్ వచ్చాక ఏడు వారాలు ఆగమంది.

రాత్రిడ్యూటీ: అది ఆగగలిగిన ఆపరేషన్లకి చెప్పిన మాట. నాలుక విషయంలో ఏడు వారాలు గుడ్డిగా లెక్కపెట్టరు. లక్షణాలు తగ్గాయా, పుండు ఎంత పెరిగింది అని చూసి సర్జన్, మత్తు డాక్టర్ కలిసి తేలుస్తారు. ఆ మాట వాళ్లని ఈరోజే అడిగి పెట్టుకోండి.