వంటలక్క డీఎన్ఏ పరీక్ష ఎందుకు చేయించలేదు అనేవాళ్లకు ఒక ఎదురు ప్రశ్న

కృష్ణలంక కోడలు:
మొన్న ఆదివారం మా ఆడపడుచు ఇంట్లో భోజనాలయ్యాక 'కార్తీకదీపం' మీద మళ్లీ యుద్ధం మొదలైంది. స్టార్ మాలో 2017 అక్టోబరులో మొదలైన ఆ సీరియల్ 2023 జనవరిలో అయిపోయింది. 2024 మార్చిలో అవే మొహాలతో కొత్త కథ కూడా మొదలైంది. మా ఇంట్లో మాత్రం పాత పంచాయితీ ఇంకా తెగలేదు.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కల్లో కథ. గుండె డాక్టర్ కార్తీక్ (అందరూ పిలిచే 'డాక్టర్ బాబు') దీపను ప్రేమించి పెళ్లి చేసుకుంటాడు. అతని మీద మనసుపడ్డ డాక్టర్ మోనిత, నీకు పిల్లలు పుట్టే యోగం లేదని అతన్ని నమ్మిస్తుంది. అంతలో దీపకు నెల తప్పుతుంది. ఇంకేముంది, భార్య మీద అనుమానం. దీప ఇల్లు వదిలి, వంటలు చేసుకుంటూ 'వంటలక్క'గా కూతుర్ని పెంచుతుంది. పుట్టింది కవలలు కాబట్టి రెండో పిల్ల అత్తగారు సౌందర్య పుణ్యమా అని తండ్రి ఇంట్లోనే, అతనికి తెలియకుండా పెరుగుతుంది.

మా ఆడపడుచు వాదన అందరూ అనేదే. "ఒక్క డీఎన్ఏ టెస్టుతో పోయేదానికి దీప అన్నేళ్లు మొండికేసింది" అని. నా ప్రశ్న వేరు. దీపను అడిగినవాళ్లు డాక్టర్ బాబును ఎందుకు అడగరు? పిల్లలు పుట్టరని ఒక కాగితం చేతికొస్తే, అందులోనూ స్వయంగా డాక్టరై ఉండి, ఇంకో ల్యాబ్‌కి వెళ్లి మళ్లీ చేయించుకోడా?

ఎర్రగడ్డ కుర్రాడు:
అక్కా, ఇక్కడ నేను మీ ఆడపడుచు పార్టీ. ఆయన మూర్ఖుడే, ఒప్పుకుంటా. కానీ ఎదుటివాడు మూర్ఖుడని తెలిసినప్పుడు తెలివైనవాళ్లే ఒక మెట్టు దిగాలి కదా. బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిస్తే అయిపోయే పని. నీ నాన్న ఎవరని బడిలో అడిగితే ఆ పిల్ల ఏం చెప్పాలి? దీప ఆత్మగౌరవానికి బిల్లు కట్టింది పిల్లలు.

కృష్ణలంక కోడలు:
తమ్ముడూ, సీతమ్మ నిప్పులో దూకి బయటికొచ్చింది. ఆ తర్వాతైనా ఊరు నోరు మూసుకుందా? మళ్లీ అడవికే పంపారు కదా. రుజువు అడిగేవాడికి ఒకసారి ఇస్తే రెండోసారి అడగడని గ్యారంటీ ఏంటి?

పప్పుచారు ప్రసాద్:
టెస్ట్ చేయిస్తే 1500కు పైగా ఎపిసోడ్లు ఎక్కడినుంచి వస్తాయండీ? రైటర్ పిల్లలు కూడా బడికి వెళ్లాలిగా.

ల్యాబ్ అన్న:
పదకొండేళ్లుగా ల్యాబ్‌లో పనిచేస్తున్నా. ఈ సీరియల్ చూస్తున్నప్పుడల్లా నాకు బీపీ వచ్చేది, అందుకే కొంచెం పెద్ద పోస్టు పెడుతున్నా.

వీర్య పరీక్ష ఒక్కసారి చేసి తేల్చేది కాదు. శాంపిల్ ఇవ్వడానికి ముందు రెండు నుంచి ఏడు రోజులు కలయిక లేకుండా ఉండాలి. ఈ మధ్య గట్టి జ్వరం వచ్చినా కౌంట్ పడిపోతుంది. శరీరంలో కొత్త వీర్యకణాలు తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, రిపోర్టు తేడాగా వస్తే కొంత వ్యవధి ఇచ్చి మళ్లీ చేయమంటారు. అసలు కణాలే కనబడకపోతే శాంపిల్‌ని మెషిన్‌లో గిర్రున తిప్పి, అడుగున చేరినదాన్ని మైక్రోస్కోప్ కింద మళ్లీ వెతకాలి. "తక్కువ" అంటే "లేవు" అని అర్థం కాదు. తక్కువ కౌంట్‌తోనే మామూలుగా తండ్రులైనవాళ్లు ఉన్నారు.

గుండె డాక్టరుకు ఇవి రోజూ చేసే పనులు కాకపోవచ్చు. కానీ తేడా రిపోర్టును రిపీట్ చేయించాలన్న సంగతి ఏ డాక్టరుకైనా తెలుసు. పేషెంటుకైతే సెకండ్ ఒపీనియన్, తన కాపురానికి మాత్రం ఒక్క కాగితం!

ఇంకోటి. మా దగ్గరికి పిల్లల్లేరని వచ్చే జంటల్లో భార్య ఫైలు ఇంత మందం ఉంటుంది. స్కాన్లు, హార్మోన్లు, ట్యూబుల టెస్టు, అన్నీ అయిపోయి ఉంటాయి. "మీది ఏదండీ" అని భర్తనడిగితే వాళ్లమ్మ వైపు చూస్తాడు.

ఎర్రగడ్డ కుర్రాడు:
ఇది బాగుంది అన్నా. కానీ మోనిత లాంటి మనిషి రెండో రిపోర్టు కూడా మార్చేయదా?

ల్యాబ్ అన్న:
హైదరాబాద్‌లో ల్యాబ్‌లకి కరువా తమ్మీ? వేరే పేరుతో ఇచ్చినా అయిపోయేది.

నల్లకోటు నారాయణ:
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనొస్తున్నా. కాపురం నడుస్తుండగా పుట్టిన బిడ్డ భర్త బిడ్డేనని చట్టం ముందే అనుకుంటుంది. 1872 నాటి సాక్ష్య చట్టంలో 112వ సెక్షన్ అదే. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 116వ సెక్షన్‌గా అదే మాట ఉంది. "కాదు" అనేవాడు ఆ సమయంలో తామిద్దరూ కలిసే అవకాశమే లేదని చూపించాలి. దీప, కార్తీక్ ఒకే ఇంట్లో ఉన్నారు. కేసు అక్కడే కొట్టేస్తారు.

పైగా అడిగినవాడికల్లా రక్త పరీక్షకు ఆర్డర్ ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. తల్లి మీద మచ్చ పడుతుందా, బిడ్డ ఎవరి సంతానమూ కాకుండా పోతుందా అని ముందు చూసుకోమంది. దీపకు ఒక లాయర్ ఉంటే రుజువు చూపించాల్సింది నీ మొగుడే అని చెప్పేవాడు. మన సీరియళ్లలో లాయర్ విడాకుల కాగితాలు తేవడానికే వస్తాడు, అది మా ఖర్మ.

మినపరొట్టె:
మీరంతా టెస్టుల దగ్గర ఆగిపోయారు. నా బాధ ఇంకోటి. దీప నల్లగా ఉందని సౌందర్య మొదట్లో ఎన్ని మాటలంది! దీప పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథ్ అసలు రంగు అది కాదు, రోజూ మేకప్ వేసి నల్లగా చేసేవారు. దీనికి మూలమైన మలయాళం సీరియల్ 'కరుత్తముత్తు'లోనూ నాయిక ఆమే. నల్లపిల్ల ఆత్మగౌరవం కథ చెప్పడానికి ఒక్క నల్లపిల్ల దొరకలేదా? నేను నల్లగా ఉంటా. పెళ్లిచూపుల్లో "వంటలక్కలా ఉంది" అన్నారు ఒకళ్లు. పొగిడారో తిట్టారో ఇప్పటికీ అర్థం కాలేదు.

కృష్ణలంక కోడలు:
మినపరొట్టె గారూ, దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆమె బాగా చేసింది, నిజం. మీరన్నదీ నిజమే.

బిగ్‌బాస్ బాబాయ్:
దీప, కార్తీక్‌లను వదిలేయండి. పాపం మోనిత సంగతి చూడండి. ఆ పాత్ర వేసిన శోభా శెట్టి 2023లో బిగ్‌బాస్ ఏడో సీజన్‌కి వస్తే, ఆమె మాట్లాడేది వినకముందే "మోనితమ్మ" అని మొదలెట్టారు జనం. గట్టిగా అరిస్తే "చూశావా, అసలు రంగు" అన్నారు. నటించినందుకు జీతం తీసుకుంది గానీ మనకేం అన్యాయం చేసిందండీ?

పప్పుచారు ప్రసాద్:
బాబాయ్, హౌస్‌లో నిజంగానే అరిచింది కదా. దానికి సీరియల్‌తో పనేముంది?

బిగ్‌బాస్ బాబాయ్:
అరిచింది. అదే హౌస్‌లో ఉన్న నటుడు శివాజీ అరవలేదా? ఆయన అరిస్తే పెద్దరికం, ఈమె అరిస్తే మోనిత. ఇంకా ఘోరం ఫైనల్ రాత్రి జరిగింది. డిసెంబరు 17న పల్లవి ప్రశాంత్ గెలిచాక అన్నపూర్ణ స్టూడియోస్ బయట రన్నరప్ అమర్‌దీప్ కారు మీద జనం పడ్డారు. లోపల అతని తల్లీ భార్యా ఉన్నారు. ఆర్టీసీ బస్సుల అద్దాలు కూడా పగలగొట్టారు. ఫ్యామిలీ వీక్‌లో ఆ ఇళ్లవాళ్లు లోపలికొస్తే టీవీ ముందు ఏడ్చింది మనమే. రోడ్డు మీద కనబడితే ఇది.

ఎర్రగడ్డ కుర్రాడు:
బాబాయ్, దారి తప్పిస్తున్నావ్. నేను సగం మారాను, సగమే. కార్తీక్ రెండో టెస్ట్ చేయించుకోవాల్సింది, ఒప్పుకున్నా. కానీ అసలు ముద్దాయి సౌందర్య అని నా లెక్క. ఒక పిల్లను తెచ్చి కొడుకు ఒళ్లో పెట్టి, నీ బిడ్డే అని చెప్పకుండా కూర్చుంది. కోడలిని వెనకేసుకొచ్చిన గొప్ప అత్త అని మీరంతా దండలేశారు. ఆమె గట్టిగా చెవి పట్టుకుని ల్యాబ్‌కి లాక్కెళితే కొడుకు వెళ్లేవాడు కాదా?

కృష్ణలంక కోడలు:
సౌందర్య మాట వచ్చింది కాబట్టి మా ఇంటి మాట చెప్తా. పెళ్లయ్యాక నాలుగేళ్లు మాకు పిల్లల్లేరు. మూడు ఆస్పత్రులు తిరిగాను, ఒక్కదాన్నే. మూడో చోట డాక్టరమ్మ "మీ ఆయన రిపోర్టు ఏది" అనేదాకా ఆ ఊసే లేదు. ఇప్పుడు మా పాపకు తొమ్మిదేళ్లు.

ఆదివారం నేను డాక్టర్ బాబు ఎందుకు చేయించుకోలేదు అని అడిగేసరికి అందరూ తలో మాట అన్నారు. ఆకుకు సున్నం రాసుకుంటున్న మా అత్తగారు మాత్రం తలెత్తకుండా, "మనవాడికి మనం మాత్రం ముందు చేయించామా" అన్నారు. పక్క గదిలో మా ఆయన టీవీ సౌండ్ పెంచారు.