దేవుడు క్షమించేశాడు అంటాడు సరే, మరి నా దగ్గరికి రావక్కర్లేదా?

మూడోవరస:
చాలా రోజులుగా లోపలే పెట్టుకున్నది అడుగుతున్నా. తొమ్మిదేళ్ల కిందట అమ్మ నా పేరు మీద వేసిన డబ్బంతా మా అన్నయ్య నా సంతకం తనే పెట్టేసి తీసేసుకున్నాడు, అప్పట్లో బాగా తాగేవాడు. ఇప్పుడు రక్షణ పొందాడు, బాప్తిస్మం తీసుకున్నాడు, తాగుడు నిజంగానే మానేశాడు, వదిన మొహంలోనే తెలుస్తోంది, అది నేను కాదనను. కానీ చర్చిలో తన మార్పు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడల్లా "నమ్మినవాళ్లని మోసం చేశాను, ప్రభువు నా పాపాలన్నీ సముద్రంలో పడేశాడు" అంటాడు, అందరూ ఆమెన్ అంటారు, ఆ నమ్మినదాన్ని నేను అక్కడే మూడో వరసలో కూర్చుని ఉంటా. ఆరాధన అయ్యాక "వందనాలు చెల్లెమ్మా" అని వెళ్లిపోతాడు. ఒక్కసారంటే ఒక్కసారి ఆ మాట ఎత్తలేదు. పైగా నేను క్షమించట్లేదని నన్నే అంటున్నారు. తప్పు నాదా?

కృపచాలు:
సిస్టర్, మీ బాధ అర్థమైంది, కానీ కృప అంటేనే ఉచితం కదా. యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగ ఎవరికి తిరిగి కట్టాడు? నేడు నాతో పరదైసులో ఉంటావన్నాడు ప్రభువు, అంతే. కడితేనే క్షమాపణ అంటే మళ్లీ క్రియల వల్ల, అంటే మనం చేసే పనుల వల్ల రక్షణ అనే చోటికే వస్తాం. డెబ్బై ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు క్షమించమన్నాడు, వదిలేయండి.

బయటివాణ్ణి:
నేను విశ్వాసిని కాను, అయినా అడుగుతున్నా. మోసం చేసినవాడికి మనశ్శాంతి వచ్చేసింది, మోసపోయినావిడకి మాత్రం "నువ్వు క్షమించు" అని ఇంకో పని పడింది. ఇదెక్కడి న్యాయమండీ?

జక్కయ్యచెట్టు:
కృపచాలు బ్రదర్, ఆ దొంగ చేతులు సిలువకి బిగించి ఉన్నాయి, ఇంకొన్ని గంటల్లో చనిపోతాడు, కట్టే దారి ఎక్కడుంది? అయినా మనం చేసినదానికి తగిన ఫలమే మనకి వచ్చిందని పక్కవాడితో ఒప్పుకున్నాడు. ఈ అన్నయ్యకి కాళ్లూ చేతులూ ఉన్నాయి, చెల్లెలు నాలుగు అడుగుల దూరంలో ఉంది.

లూకా 19 చూడండి. ముందు కట్టు, తర్వాత నీ ఇంటికొస్తా అని యేసు పన్నులు వసూలు చేసే జక్కయ్యతో అనలేదు. ముందే ఇంటికొచ్చాడు. ఎవరూ అడక్కుండానే జక్కయ్య లేచి సగం ఆస్తి బీదలకి, అన్యాయంగా తీసుకుంటే నాలుగింతలు అన్నాడు. ధర్మశాస్త్రం ప్రకారం, సంఖ్యాకాండం 5లో, తప్పు ఒప్పుకున్నవాడు అసలుకి ఐదో వంతు కలిపి ఇస్తే చాలు, ఇతను అంతకన్నా ఎంతో ఎక్కువకి వెళ్లాడు. అది రక్షణకి కట్టిన ధర కాదు బ్రదర్, మనసు మారినవాడు ఇంక ఆ డబ్బు ఇంట్లో పెట్టుకుని నిద్రపోలేడు, అంతే.

ఇంకోటి, మత్తయి 5లో బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసి వెళ్లమన్నాడే, అక్కడ నీకు నీ సహోదరుడి మీద ఏమైనా ఉంటే అనలేదు, అతనికి నీ మీద ఏమైనా ఉందని గుర్తొస్తే అన్నాడు. సాక్ష్యం కూడా అర్పణే. అది మధ్యలో ఆపేసి ముందు మూడో వరసకి రావాలి.

కృపచాలు:
రావాలి, ఒప్పుకుంటా. కానీ మార్పుకి టైం పడుతుంది. "అమేజింగ్ గ్రేస్" పాట రాసిన జాన్ న్యూటన్ 1748లో తుఫానులో దేవుణ్ణి పిలిచాడు, ఆ తర్వాత కూడా 1754 దాకా బానిసల ఓడల్లోనే పనిచేశాడు. ఆ వ్యాపారానికి వ్యతిరేకంగా రాసింది 1788లో.

జక్కయ్యచెట్టు:
నిజమే. కానీ రాసినప్పుడు ఊరికే "నేను పాపిని" అని సరిపెట్టలేదు, ఓడల్లో ఏం జరిగేదో విప్పి చెప్పాడు, ఒప్పుకోలు చాలా ఆలస్యమైందని కూడా తనే రాశాడు.

ఆలస్యంగా:
అక్కా, నేను మీ అన్నయ్య వైపు మనిషిని. పనిలో నేను చేసిన తప్పు తోటివాడి మీదకి నెట్టేశాను, అతని ఉద్యోగం పోయింది. ప్రభువుని నమ్ముకున్నాక రెండేళ్లు రోజూ మోకాళ్ల మీద ఏడ్చి ఒప్పుకున్నాను, శాంతి వచ్చిందనే అనుకున్నాను. చివరికి ఒకరోజు అతని ఇంటికి వెళ్లాను. సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతో తలుపు తీశాడు. నేను చెప్తున్నంతసేపూ ఆ నురగ ఆరిపోతూనే ఉంది, తుడుచుకోలేదు. అంతా విని ఒకే మాట అన్నాడు, "ఇది లోపలికొచ్చి మా ఆవిడకి చెప్పు, తను కూడా నేనే చేశాననుకుంటోంది."

అప్పుడు తెలిసింది నాకు, దేవుడు నన్ను ఎప్పుడో క్షమించాడు కానీ అతని పేరు మాత్రం ఇన్నాళ్లూ నా దగ్గరే ఉండిపోయింది, అది నేనే వెళ్లి ఇవ్వాలి. ఆవిడకి చెప్పాను, ఆఫీసుకీ రాసిచ్చాను. క్షమించానని అతను ఇప్పటికీ అనలేదు. అనమని అడిగే హక్కు నాకు లేదు.

మూడోవరస:
ఇది చదివి చాలాసేపు ఏడ్చాను తమ్ముడూ. నాకూ డబ్బు కాదు. ఆ సంతకం అమ్మ నా చేయి పట్టుకుని పలక మీద దిద్దించింది, దాన్ని అన్నయ్య పెట్టేశాడు, అదీ నా బాధ. డెబ్బై ఏళ్ల మారులు అన్న ఆ మత్తయి 18లోనే కాస్త ముందు, సహోదరుడు తప్పు చేస్తే వెళ్లి ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పమని ఉంది, ఇన్నేళ్లూ అది నేనూ చెయ్యలేదు. ఈ ఆదివారం "వందనాలు చెల్లెమ్మా" అన్నప్పుడు, అన్నయ్యా ఒక్క నిమిషం ఆగు అంటాను.