గని కంపెనీకీ ఊరికీ బంధం దేనితో నిలుస్తుంది? ఉద్యోగాలా, డబ్బా, ఆపమనే హక్కా?

పల్నాటి మిరపరైతు

మా ఊరి పొలిమేరకు సున్నపురాయి గని కిలోమీటరు దూరం కూడా ఉండదు. కంపెనీ పేరు చెప్పను, దానితో పని లేదు. హుజూర్‌నగర్ వైపు వెళ్లినా, తాడిపత్రి వైపు వెళ్లినా ఇదే పరిస్థితి. గని విస్తరణ కోసం పోయిన నెల మా దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. షామియానా కింద లేచిన వాళ్లలో సగం మంది ఉద్యోగాలు అడిగారు. మిగతావాళ్లు సిమెంటు రోడ్లు, కల్యాణ మండపం అడిగారు. నేను అడిగింది వేరు. మిరపకాయలు కళ్లాల్లో ఉన్న రోజుల్లో మధ్యాహ్నం పేలుళ్లు ఆపండి, లారీల బాట తడపండి అన్నాను. పక్కనే ఉన్న మా చిన్నాన్న చెయ్యి పట్టి కూర్చోబెట్టి, "ఇంతమంది అధికారులు వచ్చినప్పుడు అడగాల్సింది ఇదా?" అన్నారు.

అడగాల్సింది ఇదేనని నా నమ్మకం. మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, నేల అదురుతుంది, కాసేపటికి తెల్లటి ధూళి గాలివాటున వచ్చి ఎర్రటి కాయ మీద వాలుతుంది. కిందటేడు యార్డులో వ్యాపారి మా బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి అరచేతిలో నలిపి, తన వేళ్లు నాకు చూపించాడు. ఒక్క మాటా అనలేదు. క్వింటాలుకు ఎనిమిది వందలు తగ్గించి రాసుకున్నాడు. ఆ ఏడాదే కంపెనీ వాళ్లు మా బడికి బెంచీలు ఇచ్చారు, ఫొటోలు తీయించుకున్నారు. బెంచీలు మంచివే. కానీ మా ఊళ్లో కంపెనీ మీద కోపం బెంచీలతో తగ్గేది కాదు.

ఉద్యోగాలు కొందరికే వస్తాయి, డబ్బు ఖర్చయిపోతుంది. "ఈ రెండు నెలలు ఈ పని ఇలా చేయొద్దు" అని ఊరు చెప్పినప్పుడు కంపెనీ ఆగితే ఆ బంధం నిలుస్తుంది. మీరేమంటారు?

విశ్రాంత మైన్స్ మేనేజర్

బాబూ, ముప్పై ఏళ్లకు పైగా సున్నపురాయి గనుల్లోనే పనిచేశాను. మీలాంటి సభల్లో వేదిక మీద కూర్చున్నవాణ్ణి. "ఇంటికో ఉద్యోగం" అని మైకులో చెప్పిన వాళ్లలో నేనూ ఉన్నాను. అది సాధ్యం కాదని ఆ రోజే నాకు తెలుసు. పెద్ద డంపర్లు, రాక్ బ్రేకర్లు వచ్చాక గనిలో మనుషుల అవసరమే తగ్గిపోయింది. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

కానీ గనిని ఊరు ఆపవచ్చు అనే వాదనతో నేను ఏకీభవించను. సిమెంటు ఫ్యాక్టరీలో ఈ రాయిని కాల్చే కొలిమి, కిల్న్, చల్లారితే మళ్లీ వేడెక్కించడానికి రోజులు పడుతుంది. ఇవాళ మిరప కోసం ఆపితే రేపు జాతర కోసం, ఎల్లుండి ఎన్నికల కోసం ఆపమంటారు. అడిగేది రైతే అయితే ఫరవాలేదు. రైతు పేరుతో కాంట్రాక్టు కోసం వచ్చే నాయకులనూ నేను చూశాను. డబ్బు మీద చట్టబద్ధమైన హక్కు దానికన్నా గట్టిది. అది ఇప్పటికే ఉంది, దాన్ని పట్టుకోండి.

పొదుపు సంఘం లీడరు, సూర్యాపేట జిల్లా

మేనేజర్ గారు చెప్పిన హక్కు సంగతి చాలామందికి తెలియదు కాబట్టి రాస్తున్నాను. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు పెట్టారు. ఖనిజం తవ్వినందుకు కంపెనీ ప్రభుత్వానికి కట్టేది రాయల్టీ. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులైతే ఆ రాయల్టీకి అదనంగా అందులో 30 శాతం, ఆ తర్వాత వేలంలో వచ్చినవైతే 10 శాతం ఈ ఫౌండేషన్‌కు కట్టాలి. సిమెంటు సున్నపురాయికి రాయల్టీ టన్నుకు 80 రూపాయలు అనుకుంటే, పాత లీజు నుంచి టన్నుకు 24 రూపాయలు వస్తాయి. ఏడాదికి పది లక్షల టన్నులు తవ్వితే 2 కోట్ల 40 లక్షలు. ఇది గని వల్ల నష్టపోయిన ఊళ్ల కోసం పెట్టిన డబ్బు. సామాజిక బాధ్యత పేరుతో కంపెనీ తనకు నచ్చిన చోట బస్ షెల్టర్ కట్టించి పేరు రాయించుకునే డబ్బు వేరు, ఇది వేరు.

అయితే ఈ ఫౌండేషన్‌కు అధ్యక్షుడు కలెక్టర్. మా సంఘం వాళ్లం తాగునీటి కోసం మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాం, మా పేరు జాబితాలోకి ఎక్కలేదు. జాబితా ఎవరు రాస్తారో ఇప్పటికీ మాకు ఎవరూ చెప్పలేదు. హక్కు కాగితం మీద ఉంటే చాలదు సార్, ఆ కాగితం రాసే గదిలో మేమూ ఉండాలి.

అరకు మాస్టారు

మా వైపు ఈ వాదన పాతది. అనంతగిరి మండలంలోని గనుల లీజుల మీద ఆదివాసుల హక్కుల కోసం పనిచేసే సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆదివాసుల కోసం రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వకూడదంది. నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల నీళ్లకు, బడులకు, ఆసుపత్రులకు పక్కన పెట్టాలని కూడా చెప్పింది. 2013లో ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి.

వద్దనే హక్కు ఉన్నచోట కంపెనీ మర్యాదగా కూర్చుని మాట్లాడుతుంది. పల్నాడులో భూమి పట్టాలది, షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. కంపెనీ కొనుక్కుంటే ఊరి చేతిలో ఏమీ మిగలదు. అందుకే రైతు గారి ప్రశ్న నాకు న్యాయంగా అనిపించింది.

పెర్త్ నుంచి ఒక ఇంజినీరు

నేను పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇనుప ఖనిజం గనుల్లో పనిచేస్తున్నాను. ఇక్కడ భూమి హక్కుదారులైన ఆదివాసులతో కంపెనీలకు ఒప్పందాలుంటాయి, డబ్బూ అందుతుంది. అయినా 2020 మేలో జుకాన్ లోయలో 46 వేల ఏళ్ల మానవ నివాసపు ఆనవాళ్లున్న రాతి గుహలను రియో టింటో అనే గనుల కంపెనీ పేల్చేసింది. చట్టం ప్రకారం అనుమతి ఉంది, ఒప్పందమూ ఉంది. ఆపండి అన్న వాళ్ల మాటకు విలువ లేకపోయింది. చివరికి కంపెనీ ప్రధాన అధికారి పదవి వదులుకోవాల్సి వచ్చింది.

ఇంకో ఉదాహరణ అలాస్కాలోని రెడ్ డాగ్ జింకు గని. అక్కడ భూమి స్థానిక ఆదివాసులైన ఇనుపియాట్ ప్రజల సంస్థ 'నానా'ది. 1982లో కంపెనీతో ఒప్పందం కుదుర్చుకుంది. లాభంలో నానా వాటా 2007లో 25 శాతంతో మొదలై, అయిదేళ్లకోసారి అయిదు శాతం పెరుగుతూ సగం దాకా వెళ్లేలా రాసుకున్నారు. నాకు నచ్చింది వేరే సంగతి. అడవి దుప్పుల్లాంటి క్యారిబూ మందలు వలస వచ్చే రోజుల్లో గని రోడ్డు మీద లారీలు ఆగుతాయి. దాన్ని చూసుకోవడానికి వేటగాళ్లైన పెద్దలతో ఒక కమిటీ ఉంది. అక్కడ అంతా బాగుందని అనను, గనికి దిగువన ఉన్న కివలీనా ఊరివాళ్లు నీటి కాలుష్యం మీద కోర్టుకు వెళ్లారు. కానీ ఆ లారీలు ఆగడం నిజం. రైతు గారూ, మీ మిరప కళ్లం వాళ్ల క్యారిబూ లాంటిదే.

విశ్రాంత మైన్స్ మేనేజర్

రాత్రి ఇదంతా మళ్లీ చదివాను. నా మాట కొంత మార్చుకుంటున్నాను. కిల్న్ ఆగాల్సిన పని లేదు. డిసెంబరులోనే పది పదిహేను రోజుల రాయి ముందుగా నిల్వ వేసుకుంటే పేలుళ్లు తగ్గించవచ్చు. పూర్తిగా ఆపకపోయినా వేళ మార్చవచ్చు. ఓపెన్ గనిలో పేలుడు పగటి వెలుగులోనే చేయాలి. మీరు సాయంత్రం మంచు పడకముందే కాయలు కుప్పచేసి పరదాలు కప్పుతారు కదా, ఆ తర్వాత, చీకటి పడేలోపు పేల్చమనండి. ఇంకో మాట: పేలుడు అదురు కొలిచే యంత్రం పెద్ద గనుల్లో ఉంటుంది. అదురు పౌనఃపున్యం, అంటే నేల సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో అది, తక్కువగా ఉన్నప్పుడు మామూలు ఇళ్ల దగ్గర సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదని గనుల భద్రతా సంచాలక కార్యాలయం పెట్టిన హద్దు. ఆ రీడింగులు మా రోజుల్లో ఫైల్లోనే ఉండేవి. పంచాయతీ బోర్డు మీద రోజూ రాయమని అడగండి. ఇవ్వలేమని ఏ మేనేజరూ అనలేడు.

పల్నాటి మిరపరైతు

మేనేజర్ గారూ, చాలా సంతోషం. విస్తరణకు పర్యావరణ అనుమతి ఇంకా రాలేదు కాబట్టి ఇవన్నీ అందులో షరతులుగా రాయించాలని అనుకుంటున్నాం. నోటిమాటగా ఒప్పుకుంటే మేనేజరు బదిలీ అయినప్పుడు మాటా వెళ్లిపోతుంది. పొదుపు సంఘం అక్కా, గదిలో ఎవరుండాలో మీరు చెప్పింది పట్టుకుని, కళ్లాలున్న ఇళ్ల నుంచి అయిదుగురి పేర్లు, అందులో ఇద్దరు ఆడవాళ్లవి, అర్జీలోనే రాస్తున్నాం. ఆదివారం పొద్దున రచ్చబండ దగ్గర కూర్చుంటున్నాం. ఈసారి మా చిన్నాన్న కూడా వస్తానన్నారు. కిందటేటి యార్డు చీటీలు దాచి ఉంచానని, వాటినీ అర్జీకి జత చేయమని ఆయనే చెప్పారు.