సీసం పట్టిన నేల: బాగుచేయాలా, యానాదుల కాలనీనే ఖాళీ చేయించాలా?

స్వర్ణముఖి గట్టు:
రేణిగుంట దాటాక మా వైపు ఒక షెడ్డులో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాళ్ళు. మూతపడి చాన్నాళ్ళయింది, నడిపినోళ్ళ అడ్రసు లేదు. దాని వెనకే యానాదుల కాలనీ. నల్ల డబ్బాల పెంకులు, సీసం కరిగించాక మిగిలే బూడిదరంగు చిట్టెం ఇప్పటికీ నేలమీదే ఉన్నాయి, పిల్లలు ఆ పెంకుల్తోనే బొమ్మరిళ్ళు కట్టుకుంటారు. మట్టి శుభ్రం చేయడం దండగ, వేరే చోట ఇళ్ళ స్థలాలిచ్చి పంపేస్తే పీడా పోతుంది అని ఊరి పెద్దమనుషుల మాట. నాకు మింగుడు పడడం లేదు. మీరేమంటారు?

పుత్తూరు కుర్రోడు:
పంపేయడమే మేలన్నా. సీసం ఎండకూ వానకూ పోయేది కాదు, పైమట్టిలోనే ఏళ్ళ తరబడి ఉంటుంది. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉంటే ఫర్వాలేదు అనే మోతాదే లేదని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతోంది. ఫైలు కదిలి, టెండరు పిలిచి, పని మొదలయ్యేసరికి ఆ పిల్లలకు పెళ్ళిళ్ళయిపోతాయి.

తలకోన దారి:
పంపేది ఎక్కడికి సామీ? ఎప్పుడూ ఊరికి దూరంగా, గుట్ట కింద, నీళ్ళు లేని చోటికే కదా. వాళ్ళ బతుకు చెరువులో చేపలు, పొలాల్లో ఎలుకలు పట్టడం, రైతుల దగ్గర కూలి. అవన్నీ ఇక్కడుంటే మనుషులు అక్కడుంటారా? ఇంకో సంగతి, ఆ స్థలం రోడ్డుపక్కది, తిరుపతికి దగ్గర. కాలనీ లేచిన మర్నాడే పైన నాలుగు లారీల గ్రావెల్ తోలి, రాళ్ళు పాతి ప్లాట్లు అమ్ముతారు, ఇప్పుడు దండగ అంటున్నోళ్ళే. కొన్నోడి పిల్లలు మళ్ళీ అదే దుమ్ములో ఆడుకోవాలి. పంపడం వల్ల విషం ఎక్కడికీ పోదు, అడిగే మనిషి పోతాడు, అంతే.

కాణిపాకం బస్సు:
గ్రామసభ తీర్మానం చేసి అడ్డుకోవచ్చు కదా? గిరిజన గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 పీసా చట్టం ఉందిగా.

తలకోన దారి:
అది రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ప్రకటించిన గిరిజన ప్రాంతాలకే. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో షెడ్యూల్డ్ ఏరియా లేదు. అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం కూడా మనకు వర్తించదు. మైదానంలో ఉన్న యానాదికి ఎస్టీ సర్టిఫికెట్ ఉంటుంది కానీ మన్యంలో భూమికి ఉన్న కాపుదల ఉండదు, చేతిలో ఉండేది మహా అయితే డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వ భూమిని పేదలకిచ్చిన కాగితం. పనికొచ్చేది వేరే ఉంది. కలుషిత స్థలాల మీద 2025 జులైలో కేంద్రం నిబంధనలు తెచ్చింది. అనుమానం ఉన్న చోట్ల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరునెలలకోసారి పంపాలి, కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమికంగా తేల్చాలి, ఖర్చు పాడుచేసినోడిదే.

పుత్తూరు కుర్రోడు:
పాడుచేసినోడు దొరికితే కదా! అమెరికాలో నవాహోలనే ఆదివాసుల నేలమీద 1944 నుంచి 1986 దాకా దాదాపు 3 కోట్ల టన్నుల యురేనియం ఖనిజం తవ్వి, 500 పైచిలుకు గనులు అలాగే వదిలేశారు. అంత డబ్బున్న దేశమే ఇప్పటికీ పూర్తిగా శుభ్రం చేయలేదు.

తలకోన దారి:
ఆ ఉదాహరణ నా వైపుకే వస్తుంది. అక్కడ ఆ గనుల్లో కొన్నిటిని తవ్విన కెర్ మెగీ అనే కంపెనీ బాధ్యతను కోర్టులో తేల్చి, 2014 ఒప్పందంలో సుమారు 100 కోట్ల డాలర్లు ఒక్క నవాహో గనులకే రాబట్టారు. మన దగ్గర ఉన్నది ఒక షెడ్డు అంత జాగా. జానెడు, మూరెడు పైమట్టి ఎత్తి, కింద షీటు పరిచి, మంచి మట్టి పోయాలి, దుమ్ము లేవకుండా తడుపుతూ చేయాలి. ఎత్తిన మట్టిని మాత్రం విశాఖ దగ్గర పరవాడలో ఉన్నట్టి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే పంపాలి, ఏ చెరువులోనో పోస్తే మళ్ళీ మొదటికే.

ఆ కాలనీ అమ్మాయి:
ఇంతసేపూ చదువుతున్నా, మమ్మల్ని అడిగినోళ్ళు లేరు. మాలోనూ ఒక్క మాట లేదు. చంటిబిడ్డల తల్లులు ఇవాళే పోదామంటారు, మా అవ్వ చచ్చినా కదలనంటుంది. పనులు జరిగే నెలలు పక్కకు పోతాం, తిరిగొస్తామని కాగితం రాసిస్తేనే. దానికంటే ముందు పిల్లలకు రక్తపరీక్ష, చేతిపంపు నీళ్ళకు పరీక్ష. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తున్నాం, ఆ 2025 నిబంధనలు తెలుగులో ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండన్నా.